నల్లమలలో మోదుగ పూసిన వేళ



ఫిబ్రవరి నెల సగం గడిచేసరికి మన మెట్ట ప్రాంతాలలో పని కొంచెం తెరిపి ఇస్తుంది. కంది కోత అయిపోతుంది, శనగలు ఇంటికి చేరుతాయి. పరీక్షలు దగ్గరపడి పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. సరిగ్గా ఆ రోజులలోనే నల్లమల కొండలు రంగు మారుతాయి. ఆకు రాలిన కొమ్మల మీద మోదుగ ఎర్రగా, కొండగోగు పచ్చగా పూస్తాయి. దూరం నుండి చూస్తే కొండవాలున ఎవరో నిప్పులు ఆరబోసినట్లుంటుంది.

పూలు చూడడానికి ఊటీకి, కొడైకెనాలుకు వెళ్లి వచ్చేవారు మనలో ఉన్నారు. అంత ఖర్చు పెట్టలేని కుటుంబాలే ఎక్కువ. అటువంటివారికి నంద్యాల నుండి గిద్దలూరు వైపు వెళ్లే ప్యాసింజరు బండి టిక్కెట్టు, ఒక సద్దిమూట చాలు. నేను మూడు సంవత్సరాలుగా ఈ కాలంలో అక్కడికి వెళ్లి వస్తున్నాను. పోయిన సంవత్సరం మా సంఘ యౌవనస్థులు తొమ్మిదిమంది కూడా వచ్చారు. వారి చేతులలో ఫోన్లున్నాయి. చూసినదంతా ఫోటో తీయాలని వారి ఆరాటం. ఆ ప్రయాణంలో చూసినవి, విన్నవి, నేర్చుకున్నవి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రైలు కిటికీలో నుండి

నంద్యాల దాటి గాజులపల్లె వచ్చేదాకా ఇరువైపులా పొలాలే. అక్కడి నుండి బండి అడవిలోకి ప్రవేశిస్తుంది. చెలమ, బొగద, దిగువమెట్ట అనే స్టేషన్లు వస్తాయి. ఆ పేర్లను ఒక్కసారి గమనించండి. ఎండిన వాగు ఇసుకలో తవ్వుకునే నీటిగుంటను మనం చెలమ అంటాము. బొగద అంటే కొండను తొలిచిన సొరంగం. ఈ దారిలో ఎక్కడ నీరు దొరుకుతుందో, ఎక్కడ కొండ అడ్డం వస్తుందో పేర్లే చెబుతాయి. ఈ దారిన మొదట పట్టాలు వేసినది 1880వ దశకంలో. అప్పుడది మీటరు గేజి. తరువాత బ్రాడ్ గేజిగా మారింది.

కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి మొదట కనిపించేది మోదుగే. ఆకులన్నీ రాల్చుకుని, వంకరటింకర కొమ్మల నిండా నారింజ కలిసిన ఎరుపు పూలు తొడుగుతుంది. పువ్వు చిలుక ముక్కులాగా వంగి ఉంటుంది. తొడిమె నల్లని మఖమలు గుడ్డవలె ఉంటుంది. దాని తరువాత బూరుగ. అది ఎత్తయిన చెట్టు. దాని పువ్వు పెద్దది, రేకులు మందం, ఎరుపు. వేసవిలో దాని కాయలు పగిలి దూది ఎగురుతుంది. మన ఇళ్లలోని పాత దిండ్లకు ఆ దూదే నింపేవారు. రాళ్లగుట్టల మీద మాత్రం కొండగోగు కనిపిస్తుంది. పసుపు పచ్చని పెద్ద పువ్వు, దాని ప్రక్కన ఒక్క ఆకు కూడా ఉండదు. ఆ చెట్టు నుండి వచ్చే బంకను గిరిజనులు సేకరించి అమ్ముకుంటారు.

మోదుగను మన పెద్దలు పూవు కొరకు కాదు, ఆకు కొరకు ఎరుగుదురు. ఒక కాడకు మూడు ఆకులుంటాయి. వాటిని పుల్లలతో కుట్టి విస్తర్లు చేసేవారు. మా చిన్నతనంలో పెండ్లి విందులన్నీ ఆ విస్తళ్లలోనే జరిగేవి. పువ్వును నీళ్లలో మరిగిస్తే పసుపు రంగు దిగుతుంది. ఉత్తరాదివారు ఈ చెట్టును పలాశ్ అంటారు. 1757లో యుద్ధం జరిగిన ప్లాసీ గ్రామానికి ఆ పేరు ఈ చెట్ల వలననే వచ్చిందని చెబుతారు.

మోదుగ బొమ్మ వేయించినవారు

ఈ చెట్టుకు మన తెలుగు తీరంతో మరొక సంబంధం ఉంది. అది మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు.

తరంగంబాడిలోని మిషనుకు 1768లో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు వచ్చాడు. ఆయన స్వీడను దేశపు లిన్నేయస్ అనే గొప్ప వృక్షశాస్త్రజ్ఞునికి శిష్యుడు. రోగులను చూస్తూనే మన దేశపు మొక్కలను సేకరించి, వాటి వివరాలు వ్రాసుకున్నాడు. 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో మరణించాడు. ఆ చివరి రోజులలో ఆయన దగ్గర ఉండి చూచినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే మరొక వైద్యుడు. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో నివసిస్తూ తోట వేసి, మొక్కలను పరీక్షించేవాడు. స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి ఒక్కొక్క మొక్కకు బొమ్మ వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన తయారుచేసిన గ్రంథం మొదటి సంపుటం 1795లో లండనులో వెలువడింది. మూడు సంపుటాలలో కలిపి 300 బొమ్మలున్నాయి. మన మోదుగ వాటిలో ఒకటి. మొక్కల తెలుగు పేర్లను కూడా ఆయన ఆ పుస్తకంలో వ్రాశాడు.

కెమెరా అనేది పుట్టకముందు ఒక పువ్వును దూరదేశంవారికి చూపించడానికి ఇంత కష్టం పడవలసి వచ్చింది. ఆ బొమ్మలు వేసిన తెలుగు చిత్రకారుల పేర్లను గ్రంథం మీద ఎవరూ అచ్చు వేయలేదు. పువ్వును ఎదురుగా పెట్టుకుని, రేకులు లెక్కపెట్టి, కాయను కోసి, గింజను కూడా చూపిస్తూ గీశారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా యౌవనస్థులలో ఒకడు ఫోను దించి, మోదుగ పువ్వును చేతిలోకి తీసుకుని రేకులు లెక్కపెట్టాడు. అయిదు వచ్చాయి.

సీతాకోకలు ఎక్కడుంటాయి?

దిగువమెట్ట ప్రాంతంలో మాకు దారి చూపించడానికి ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. మా పిల్లలు మోదుగ చెట్ల క్రింద నిలబడి, సీతాకోకచిలుకల కొరకు పైకి చూస్తూ చాలాసేపు గడిపారు. మైనాలు వచ్చాయి, తేనెపిట్టలు వచ్చాయి, ఉడుతలు వచ్చాయి. సీతాకోక ఒక్కటి రాలేదు. పెద్దాయన నవ్వి, “అయ్యా, అది పిట్టల పువ్వు. సీతాకోకలు కావాలంటే తడి ఉన్న కాడికి రాండి” అన్నాడు.

ఆయన చెప్పినది నిజం. మోదుగ, బూరుగ పూలు పక్షుల కొరకు ఏర్పడినవి. తేనె లోతుగా, ఎక్కువగా ఉంటుంది. పక్షి ముక్కు పెట్టినప్పుడు పుప్పొడి దాని తలకు అంటుకుని మరో చెట్టుకు చేరుతుంది. సీతాకోకలకు చిన్న పూలు కావాలి. గడ్డిచామంతి, ఉత్తరేణి, లాంటానా అనే ముళ్లకంప, ఇటువంటివాటి మీద అవి వ్రాలుతాయి.

వాగు చాలావరకు ఎండిపోయింది. ఒక మలుపులో మాత్రం ఇసుక తడిగా ఉంది. అక్కడ అరచేయి అంత మేర పసుపు, తెలుపు, నీలం రంగుల సీతాకోకలు రెక్కలు మూసుకుని వరుసగా కూర్చుని ఉన్నాయి. మేము లెక్కపెట్టినవే నలభై దాటాయి. అవి త్రాగేది వట్టి నీరు కాదు. మట్టిలో ఉన్న ఉప్పును, ఇతర లవణాలను నీటితో కలిపి పీలుస్తాయి. పూలతేనెలో ఉప్పు చాలదు. ఇలా గుమిగూడేవి ఎక్కువగా మగవే. అవి కూడబెట్టిన లవణాలు జతకట్టినప్పుడు ఆడదానికి చేరి గుడ్లకు బలమిస్తాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

నిజం చెప్పాలంటే, సీతాకోకలు ఎక్కువగా కనిపించే కాలం వసంతం కాదు. వానలు పడి ఆకు చిగిర్చిన తరువాత, ఆగస్టు మొదలు నవంబరు వరకు అవి విస్తారంగా ఉంటాయి. వేసవి మొదట్లో అడవి ఎండిపోతుంది గనుక ఉన్న కొద్దిపాటి తడి దగ్గరకు, పూల దగ్గరకు అవన్నీ చేరుతాయి. చూసేవారికి అదే అనుకూలం. ఎండాకాలంలో కొన్నింటి వేషం కూడా మారుతుంది. సాయంత్రం వేళ ఎగిరే ఒక గోధుమ రంగు సీతాకోకకు వానాకాలంలో రెక్క అడుగున కన్నుల వంటి చుక్కలుంటాయి. ఎండాకాలంలో పుట్టినదానికి అవి దాదాపు కనబడవు. ఎండుటాకులలో వ్రాలితే మరొక ఎండుటాకే అనిపిస్తుంది.

ఒక్కొక్కదానికి ఒక్కొక్క చెట్టు

సీతాకోక ఏ పువ్వు తేనె అయినా త్రాగుతుంది గాని, గుడ్డు మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టదు. ఆడ సీతాకోక ఆకు మీద వ్రాలి ముందుకాళ్లతో తట్టి రుచి చూస్తుంది. తన పిల్లలు తినగలిగిన ఆకు అయితేనే గుడ్డు పెడుతుంది.

జిల్లేడు ఆకు మీద పెరిగే గొంగళిపురుగు నారింజ రంగు సీతాకోక అవుతుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంటిలో నిలిచిపోతుంది గనుక పక్షులు దానిని తినవు. గంగపాయల కూర మీద పెరిగే మరొక జాతి ఉంది. దానికి విషం లేదు. అయితే అందులో ఆడది అచ్చం జిల్లేడు సీతాకోకలాగే కనిపిస్తుంది. పక్షులు మోసపోయి దాని జోలికి పోవు. కరివేపాకు మీద పెరిగే నల్లని సీతాకోకలోనూ కొన్ని ఆడవి విషమున్న మరొక జాతి వేషం వేస్తాయి. రేల ఆకు తిని లేత పసుపు సీతాకోకలు వస్తాయి. ఆముదం ఆకు తినేది ఒకటి, సీతాఫలం ఆకు తినేది మరొకటి. బీడీలకు కోసే తునికాకు మీద కూడా ఎర్రనారింజ రంగు సీతాకోక ఒకటి పెరుగుతుంది. మన దేశంలో 1,300కు పైగా సీతాకోక జాతులున్నాయి. ఒక ఊరిలో ఎన్ని రకాల మొక్కలు మిగిలి ఉన్నాయన్న దానిని బట్టి అక్కడ ఎన్ని రకాల సీతాకోకలుంటాయో నిర్ణయమవుతుంది.

ఫోటో తీసే పద్ధతి

మా కాలంలో రీలు కెమెరాకు 36 ఫోటోలే వచ్చేవి. ఒక్కొక్కటి నొక్కడానికి ముందు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు ఫోనులో లెక్క లేదు. అయినా మంచి ఫోటో రావడానికి కావలసినది ఓపికే. మేము నేర్చుకున్న సంగతులు కొన్ని:

ఉదయం ఏడు, తొమ్మిది గంటల మధ్య వెళ్లండి. సీతాకోకకు సొంతంగా ఒంటివేడి ఉండదు. ఎండ తగిలి వేడెక్కితేనే ఎగరగలదు. అందుకే ఉదయాన రెక్కలు పరచి కదలకుండా కూర్చుంటుంది. మధ్యాహ్నం అయితే నిలువదు.

మీ నీడ దాని మీద పడకుండా చూసుకోండి. నీడ పడగానే పిట్ట వచ్చిందనుకుని ఎగిరిపోతుంది. దాని ఎత్తుకు వంగి, మెల్లగా జరగండి. కంటిని చూసి ఫోకసు పెట్టండి. కన్ను స్పష్టంగా ఉంటే ఫోటో జీవంతో ఉంటుంది.

చేతితో పట్టుకోకండి. రెక్క మీద ఉన్న రంగంతా సన్నని పొలుసులే. వేలికి పొడిలాగా అంటుకునేది అదే. రాలిన పొలుసులు మళ్లీ రావు.

మోదుగ పూలను నీలాకాశం వెనుక ఉండేలాగా తీయండి. సూర్యుడు పువ్వుకు వెనుక ఉంటే రేకులు దీపంలాగా వెలుగుతాయి. ఫోటో కొరకు కొమ్మ విరచవద్దు.

నిమ్మనారు రైతు అడిగిన ప్రశ్న

తిరిగి వచ్చిన తరువాత ఆ ఫోటోలను ఆదివారం సాయంత్రం అందరికీ చూపించాము. నలుపు మీద పసుపు మచ్చలున్న ఒక సీతాకోకను చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనుక కూర్చున్న ఒక రైతు లేచి, “అయ్యగారూ, అది నిమ్మ పురుగు. అది చిగురు తింటే నా నారు ఎవరు కొంటారు? మీకు ఫోటో, నాకు అప్పు” అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన మాటలో తప్పులేదు. ఆ సీతాకోక గొంగళిపురుగు నిమ్మ, బత్తాయి నారుమళ్లకు పెద్ద చీడ. లేత మొక్కకు పది ఆకులుంటే రెండు పురుగులు రెండు దినాలలో మోడు చేస్తాయి. ఆయన అప్పు తెచ్చి నాలుగు వందల మొక్కలు పెంచుతున్నాడు. అందం చూడమని ఆయనకు చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

మరుసటి ఉదయం ఆయన నారుమడికి వెళ్లాను. ఆయన కోడలు అప్పటికే అక్కడ ఉంది. ఆకులు తిప్పి పురుగులను ఏరి డబ్బా మూతలో వేస్తున్నది. చిన్నవి పిట్టరెట్టలాగా నలుపు తెలుపుగా ఉంటాయి, తెలియనివారు పట్టించుకోరు. పెద్దవి పచ్చగా ఉంటాయి. ముట్టుకుంటే తల వెనుక నుండి ఎర్రని కొమ్ములు రెండు బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. నారుమళ్లలో పురుగులను చేతితో ఏరివేయడం వ్యవసాయ శాస్త్రజ్ఞులు కూడా చెప్పే పద్ధతే. “చంపడానికి చేయి రాదు మామయ్యా” అని ఆమె గట్టు మీది పాత వెలగచెట్టు ఆకుల మీద వాటిని వదిలింది. వెలగ కూడా వాటికి ఆహారమే. పెద్ద చెట్టుకు నాలుగు ఆకులు పోతే నష్టం లేదు.

రోజుకు అరగంట పని. మామూలుగా రెండుసార్లు కొట్టే మందు ఆ సంవత్సరం ఒక్కసారే కొట్టామని రైతు తరువాత చెప్పాడు. పది ఎకరాల తోటకు ఇది సాగుతుందని నేను చెప్పడం లేదు. పెరటి మొక్కకు, చిన్న నారుమడికి మాత్రం సాగుతుంది.

కాలిన వాలు

మరొక సంగతి చెప్పకుండా ముగించలేను. అంతకుముందు సంవత్సరం మేము చూసిన ఒక కొండవాలుకు ఈసారి వెళ్లేసరికి నేల అంతా నల్లగా ఉంది. మోదుగ చెట్లు మాత్రం పూస్తూనే ఉన్నాయి. మోదుగ మొండి చెట్టు, నిప్పు తగిలినా మొదలు నుండి మళ్లీ చిగురిస్తుంది. క్రింద పొదలు లేవు, గడ్డి లేదు, చిన్న మొక్కలు లేవు. ఆకుల అడుగున, పుల్లలకు అంటుకుని వానల కొరకు ఎదురుచూసే ప్యూపాలు ఎన్ని కాలిపోయాయో లెక్క తెలియదు. ఫోటోలో ఎర్రని పూలు, నల్లని నేల కలిసి బహు అందంగా వచ్చాయి. ఆ ఫోటోను చూపించినప్పుడు ఆ నలుపు ఏమిటో కూడా చెప్పాను.

నిప్పు తనంతట తాను రాదు. ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. అవి నేల మీద స్పష్టంగా కనబడాలని చెట్టు క్రింది ఆకులను కాల్చేవారున్నారు. తునికాకు కొత్త చిగురు రావాలని, పశువులకు లేత గడ్డి రావాలని అంటించేవారున్నారు. ఆర్పని బీడీ ముక్క పారవేసేవారు మరికొందరు. వీరందరూ మనవారే, పొట్టకూటికి పోయేవారే. అడవికి నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరమని చెప్పినంత మాత్రాన పని జరగదు. ఆ చెంచు పెద్దాయన ఇంటివారు ఇప్పచెట్టు క్రింద చీపురుతో ఊడ్చి పాత చీరలు పరుస్తారు. పూలు చీర మీద పడతాయి, మట్టి అంటదు, శుభ్రంగా ఉన్నందుకు ధర కూడా బాగుంటుందని ఆయన చెప్పాడు. నిప్పుతో పని లేదు. ఈ మాటను అడవి అంచు గ్రామాలలోని మన కుటుంబాలు ఒకరికొకరు చెప్పుకోవాలి.

వెళ్లదలచినవారికి

మోదుగ కొరకైతే ఫిబ్రవరి చివరి వారం నుండి మార్చి మూడవ వారం వరకు మంచిది. రేల పసుపు గుత్తులు చూడాలంటే ఏప్రిల్, మే. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. 1983లో ఇది పులుల సంరక్షణ పథకం క్రిందకు వచ్చింది. 2014 తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో వేరుగా ఉన్నది. కాబట్టి అటవీశాఖవారి అనుమతి లేకుండా దారి విడిచి లోపలికి వెళ్లకూడదు. అడవి దారులలో రాత్రిపూట వాహనాలను చెక్‌పోస్టుల దగ్గర ఆపివేస్తారు గనుక చీకటిపడకముందే బయటపడేలా బయలుదేరండి. త్రాగేనీరు ఇంటి నుండే తీసుకువెళ్లండి. వాగులోని కొద్దిపాటి నీటిలో చేతులు, గిన్నెలు కడగవద్దు. ఆ నీరు అడవి ప్రాణులకు కావాలి. అగ్గిపెట్టె ఇంటిదగ్గరే ఉంచండి. ప్లాస్టిక్ సంచులు తిరిగి తెచ్చుకోండి.

ప్రయాణానికి వీలుపడని తల్లులు, వృద్ధులు, పరీక్షలున్న పిల్లలు నిరాశపడనవసరం లేదు. పెరటిలో కరివేపాకు చెట్టున్నవారు రేపు ఉదయం లేత ఆకులను అడుగువైపు తిప్పి చూడండి. ఆవగింజ కంటె చిన్నదైన గుండ్రని గుడ్డు కనబడితే దానిని అలాగే ఉంచండి. మూడు నాలుగు దినాలలో పురుగు బయటికి వస్తుంది. కూరకు కావలసిన రెమ్మలు ప్రక్క కొమ్మ నుండి కోసుకోండి. పిల్లలను పిలిచి ప్రతిదినం చూపించండి. సుమారు నెల తిరిగేసరికి, ఒక ఉదయాన, నల్లని రెక్కలు ఆరబెట్టుకుంటూ అది మీ పెరటిలోనే కనబడవచ్చు.